పచ్చరంగు పనికిరాలేదు

"ఆ పచ్చ డబ్బా పక్కన పెట్టేయ్ బాబూ" అన్నారు పక్కింటి పెద్దాయన. మా అక్క కొడుకు మొహం చిన్నబోయింది. సినిమాల్లో సైనికుల తుపాకులన్నీ ఆకుపచ్చగానే ఉంటాయి కదా! పన్నెండేళ్ల వాడు షాపులో పట్టుబట్టి మరీ కొనిపించిన డబ్బా అది.

2023 నవంబరు మొదటి వారం. పెన్సిల్వేనియాలో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్లాను. థాంక్స్‌గివింగ్ పండుగ దాటగానే అక్కడ జింకల వేట మొదలు. ఒకప్పుడు సోమవారం మొదలయ్యేదట. ఆ రోజు చాలాచోట్ల బడులకు సెలవిచ్చేసేవారట కూడా. 2019 నుంచి శనివారానికి మార్చారు. 1972 వన్యప్రాణి చట్టం నీడలో పెరిగిన నాలాంటివాళ్లకు, వేట కోసం బడి మూసేయడమంటే నమ్మబుద్ధి కాదు.

పెద్దాయన మనవడు ఆ ఏడే మొదటిసారి అడవికి వెళ్తున్నాడు. మావాడికి వాడే ప్రాణస్నేహితుడు. "నేనూ వెళ్తా" అని ఇంట్లో ఒకటే గొడవ. అక్క ససేమిరా అంది. వారం రోజులు తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. చివరికి బావ మధ్యేమార్గం కుదిర్చాడు... మనవడి రైఫిల్‌కి రంగులు వేస్తున్నారు కదా, అందులో సాయం చెయ్యి, మిగతా సంగతి తర్వాత చూద్దాం అని. వాడికి తోడుగా, నిజం చెప్పాలంటే కాపలాగా, నన్ను పంపింది అక్క.

పెద్దాయన రంగుల జోలికే పోలేదు ముందు. రైఫిల్ ఖాళీగా ఉందని తాను చూసి, పిల్లలిద్దరికీ చూపించి, బోల్టు ఊడదీసి అల్మరాలో పెట్టి తాళం వేశారు. తర్వాత ఒక గోనెసంచి ఇచ్చి ఇంటి వెనక అడవిలోకి పంపారు. "నేల మీద ఏముందో ఏరుకు రండి."

ఓక్ ఆకులు, బెరడు ముక్కలు, ఎండుగడ్డి, ఒక రాయి. గరాజ్ ముందు అన్నీ పరిచి, పక్కన రంగు డబ్బాల మూతలు పెట్టారు. ఖాకీ, మట్టిరంగు, ముదురు గోధుమ, బూడిద, నలుపు, ఆ పచ్చ. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. నవంబరులో అక్కడి అడవిలో పచ్చదనం ఎక్కడుంది? చెట్లకు వేలాడుతున్న ఓక్ ఆకులు కూడా తోలురంగుకు తిరిగిపోయాయి. నలుపునూ ఆయన దాదాపు పక్కన పెట్టేశారు. అడవిలో మనం నలుపనుకునే నీడ నిజానికి ముదురు గోధుమేనట.

సబ్బుతో, స్పిరిట్‌తో జిడ్డు వదిలేదాకా తుడిచారు. టెలిస్కోపు అద్దాలు, గొట్టం చివర, ట్రిగ్గరు, నంబరు చెక్కిన చోటు... అన్నిటికీ టేపు వేశారు. ముందు అంతటా లేత ఖాకీ, మెరుపు లేని రంగు, పల్చగా రెండు మూడు సార్లు. ఆరాక, ఏరుకొచ్చిన గడ్డినీ ఆకుల్నీ దానిమీద ఆనించి గోధుమరంగు కొడితే, వాటి ఆకారాలు ఖాకీగా మిగిలిపోయాయి. ఉల్లిపాయల వలసంచి చుట్టి కొట్టిన చోట పాము కుబుసంలా వచ్చింది. మావాడికి అది తెగ నచ్చి తుపాకీ అంతా అలాగే కొట్టబోయాడు. "వద్దు, మరీ చిన్న చిన్న గీతలైతే దూరానికి అన్నీ కలిసిపోయి ఒకే నల్లముద్దలా కనిపిస్తుంది" అని ఆపారు. పెద్ద మచ్చలు ఉండాలట, గొట్టం పొడవును అడ్డంగా విరగ్గొడుతూ.

అప్పుడు మావాడు అడిగాడు, నేను అడుగుదామనుకున్న ప్రశ్నే. "మనుషులు నారింజరంగు కోట్లు వేసుకుంటారు కదా, మరి తుపాకీని దాచడమెందుకు?"

రైఫిల్‌తో జింకల వేట సాగే రోజుల్లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజరంగు కనబడాలని ఆ రాష్ట్రంలో నిబంధన. సాటి వేటగాడు పొరబాటున కాల్చకుండా! జింకకు మాత్రం ఆ రంగు తెలీదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా దాని కంటికి అందదు. మన నల్లమలలో పులి నారింజరంగులో ఉండీ దుప్పుల కంట పడకుండా తిరగగలిగేది అందుకే. దుప్పి కంటికి ఆ చర్మం పచ్చగడ్డిలో కలిసిపోతుంది. జింకను హెచ్చరించేది కదలిక, వాసన. గొట్టం మీద ఎండ పడి తళుక్కుమంటే అదీ ఒక కదలికే. "మెరుపు పోతే చాలు. మిగతా సగం మన సరదా" అని నవ్వేశారాయన.

గరాజ్ గోడకు ఇంకో రైఫిల్ ఉంది. వాల్‌నట్ చెక్కది. దానికీ వేద్దామా అన్నాడు మనవడు. ఆయన నవ్వు ఆగింది. "అది మా నాన్నది" అన్నారంతే.

నాకు మా తాతయ్య తుపాకీ గుర్తొచ్చింది. వేరుశనగ చేలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీ. ఎన్నికలొస్తే పోలీసుస్టేషన్లో అప్పగించి రావడం, అయిపోయాక తెచ్చుకుని కొబ్బరినూనెతో కర్రంతా రుద్దడం. ఆయన పోయాక ఒకసారి అప్పగించింది మళ్లీ తెచ్చుకోలేదు మావాళ్లు. ఆ కర్ర రంగు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది.

సాయంత్రం అక్క వచ్చింది, పెద్దాయన పిలిస్తేనే. రంగు ఆరిన రైఫిల్‌ని పాతిక అడుగుల దూరంలో ఆకుల్లో పెట్టి "ఎక్కడుందో చెప్పమ్మా" అన్నారు. అక్క చూసింది. అటూ ఇటూ నడిచింది. నాకూ కనబడలేదు. చివరికి పిల్లలే చూపించారు. అక్క మొహం పాలిపోయింది. "కాలి దగ్గరున్నా కనబడదేమిటే!" అంది నాతో తెలుగులో. పెద్దాయనకు భాష అర్థం కాకపోయినా భయం అర్థమైనట్టుంది. నారింజరంగు టేపు తీసి భుజానికి తగిలించుకునే పట్టీకి రెండు చుట్లు చుట్టారు. కిందపడితే వెతుక్కోవాలిగా.

దారిపొడుగునా అక్క మాట్లాడలేదు. మర్నాడు మాత్రం నన్ను బజారుకు తీసుకెళ్లి, కొడుక్కి నారింజరంగు కోటూ టోపీ కొంది. తుపాకీ ముట్టుకోకుండా, పెద్దాయన పక్కనే కూర్చుని చూసి వచ్చే షరతు మీద.

కోటు వాడికి మోకాళ్లదాకా వచ్చింది. చిన్నది ఉంది కదా అన్నాను.

"పెద్దదే కావాలి" అంది.