మెదక్ మెట్ల మీద ఒక ఫోటో

మా సంఘములో ఒక పెద్దాయన ఉండేవారు. ఆదివారము అందరికంటే ముందు వచ్చి మందిరము ఊడ్చి, చాపలు పరచి, గంట కొట్టేది ఆయనే. ఆయన పెండ్లి జరిగి యాభై ఏండ్లు నిండినప్పుడు పిల్లలు, మనుమలు ఇంటివద్ద కృతజ్ఞత కూడిక పెట్టారు. వాక్యము చెప్పడము, ఫోటోలు తీయడము, రెండు పనులూ నాకే అప్పగించారు. గల్ఫులో పనిచేసిన మా బావమరిది ఇచ్చిన చిన్న డిజిటల్ కెమెరా ఒకటి నా దగ్గర ఉన్నది. దంపతులను ప్రక్కప్రక్కన కూర్చోబెట్టి ఇరవై ఫోటోల దాకా తీశాను. తీసిన ప్రతి ఫోటో చిన్న తెరమీద ఒక క్షణము కనబడి పోయింది. అన్నీ బాగున్నాయనుకొని భోజనానికి కూర్చున్నాను.

రెండు నెలలు తిరగకముందే ఆయన ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికకు పెద్ద ఫోటో కావాలని కుమారుడు వచ్చి అడిగితే, కెమెరా తీసుకొని పట్నములోని స్టూడియోకు వెళ్ళాము. కంప్యూటరు మీద పెద్దది చేసి చూస్తే ఒక్క ముఖమూ తేటగా లేదు. అన్నీ తడిచేత్తో తుడిచినట్టు అలికిపోయి ఉన్నాయి. స్టూడియో అబ్బాయి కెమెరా చేతికి తీసుకొని, "అయ్యగారూ, మీరు చంద్రుని గుర్తు మీద పెట్టి తీసినారు" అన్నాడు. సంచిలో రాసుకొని పైనున్న డయల్ తిరిగిపోయింది. నేను చూసుకోలేదు.

ఆయన భార్యను మేమందరము అవ్వ అంటాము. జరిగింది చెప్పి క్షమించమని అడిగాను. "పోనియ్యి అయ్యగారూ, నా కండ్లల్ల ఉన్నడు గదా" అన్నది. ఆమె కోపగించుకొని ఉంటే నాకు ఇంకా సులువుగా ఉండేది.

ప్రియ పాఠకులారా, మొన్న జనవరిలో మా సంఘస్థులము నలభై మందిమి బస్సు మాట్లాడుకొని మెదక్ మహా దేవాలయము చూడబోయినప్పుడు ఆ కెమెరాను మళ్ళీ బీరువాలోనుండి తీశాను. ఈసారి అవ్వ కూడా మాతో వచ్చింది. బయలుదేరే ముందు వారము దినాలు మా సంఘములో పదవ తరగతి చదివే అబ్బాయిని కూర్చోబెట్టుకొని కెమెరా నేర్చుకున్నాను. నేర్చుకున్నదీ, అక్కడ చూసినదీ కలిపి మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ఆ అబ్బాయి మొదట చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, కెమెరాకు కండ్లున్నయి గాని తెలివి లేదు. మనము యాడ నిలబడ్డమో దానికి చెప్పాలె." అలా చెప్పడానికే డయల్ మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. వాటినే సీన్ మోడ్ అంటారు. కొన్ని కెమెరాలలో డయల్ మీద ఉండవు, మెనూ బటన్ నొక్కితే తెరమీద వస్తాయి. కొండ బొమ్మ దూరపు దృశ్యానికి, ముఖము బొమ్మ మనుష్యుల ఫోటోకు, పరుగెత్తే మనిషి బొమ్మ ఆటలకు, చంద్రుడు రాత్రికి. చదువు రానివారు కూడా గుర్తుపట్టగలరు.

మెదక్ హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరము. ఊరు దగ్గరపడేకొద్దీ చెట్లపైనుండి దేవాలయ గోపురము కనబడింది. దాని ఎత్తు 175 అడుగులు. బస్సులో అందరూ కిటికీలవైపు వంగారు. డ్రైవరును ఆపమని దిగి, డయల్ కొండ బొమ్మ మీద పెట్టాను. ఆ గుర్తు మీద కెమెరా దూరాన ఉన్నవాటిని తేటగా పట్టుకుంటుంది, ఆకాశపు నీలము, చెట్ల పచ్చదనము కొంచెము ఎక్కువ చేసి చూపుతుంది. పొలము, చెట్లు, గోపురము మూడూ చక్కగా వచ్చాయి. లోపల ఆవరణలో గోపురము మొదట నిలబడి అదే ఫోటో తీయబోతే పైభాగము పట్టలేదు. కెమెరా పైకెత్తితే గోపురము వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. ఏ మోడ్ పెట్టినా దానికి మందు లేదు. మనమే నడిచి దూరము పోవాలి.

ఈ దేవాలయ చరిత్ర మన ఇండ్లలో పిల్లలకు చెప్పదగినది. ఇంగ్లాండు నుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దీనిని కట్టించారు. 1914లో పని మొదలై పది సంవత్సరాలు సాగింది. అవి కరవు దినాలు. ఆకలితో ఉన్న వేలమంది ఈ కట్టడములో పనిచేసి కడుపు నింపుకున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత ఇది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయము. 2024 నాటికి నూరేండ్లు నిండాయి. ఆ రాళ్ళు మోసినవారిలో మా తాతల వంటి కూలివారు ఎందరో ఉన్నారు. వారిలో ఎంతమందికి ఒక్క ఫోటో అయినా ఉన్నదో!

మేము చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తెల్లని రాతిగోడ ముందు తెల్లచీరలు కట్టుకున్న మా స్త్రీల సమాజము వారు వరుసగా నిలబడ్డారు. మామూలుగా తీస్తే ముఖాలు నల్లబడ్డాయి. తెలుపు ఎక్కువగా ఉన్నచోట కెమెరా వెలుతురు మిక్కిలి ఉన్నదని భ్రమపడి ఫోటోను తగ్గిస్తుందట. ఇటువంటి చోటికి సముద్రతీరము గుర్తో, మంచు గుర్తో పెట్టాలి. మెదక్‌లో మంచు గుర్తు ఏమిటని నవ్వకండి! పెట్టి తీస్తే చీరలు తెల్లగానే ఉన్నాయి, ముఖాలూ కనబడ్డాయి.

లోపలికి వెళ్ళాము. రంగు రంగుల నేల పలకలు, ఎత్తైన రాతి స్తంభాలు, చల్లని నీడ. పిల్లలు సైతము మాట తగ్గించారు. అద్దాల కిటికీలు చూడవలసినవి. వేదిక వెనుక క్రీస్తు ఆరోహణము, ఒక ప్రక్క జననము, మరొక ప్రక్క సిలువ. వీటిని లండనులోని ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు రూపొందించాడు. బయటి సూర్యుని వెలుగు వాటిగుండా వచ్చినప్పుడే బొమ్మలు కనబడతాయి, పొద్దు గుంకితే ఉత్త నల్ల అద్దాలే.

ఎక్కడైనా ఆరాధన స్థలములో కెమెరా తీయకముందు అక్కడివారి అనుమతి అడగడము మర్యాద. అడిగితే, ఫ్లాష్ లేకుండా ఒక్కటి తీసుకోమన్నారు. నిజానికి ఆ కిటికీకి ఫ్లాష్ పనికిరాదు. దాని వెలుగు అద్దానికి ఇవతలి వైపు పడి మెరుపు మాత్రమే వస్తుంది. మెరుపు గుర్తు మీద అడ్డగీత వచ్చేదాకా బటన్ నొక్కి ఫ్లాష్ ఆపాను. చీకటిలో ఫ్లాష్ లేనప్పుడు కెమెరా ఎక్కువసేపు కన్ను తెరచి ఉంచుతుంది, అంతసేపు మన చెయ్యి కదలకూడదు. నా తప్పు జ్ఞాపకమొచ్చి, స్తంభానికి భుజము ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను. నిలిచింది.

బయట పిల్లలు పరుగులు తీస్తున్నారు. పరుగెత్తే మనిషి గుర్తు పెట్టాను. ఆ గుర్తు మీద కెమెరా కన్ను రెప్పపాటుకంటే త్వరగా మూసుకుంటుంది గనుక గాలిలో ఎగిరిన పిల్లవాడు గాలిలోనే నిలిచిపోతాడు.

సాయంత్రము నాలుగు గంటలకు ఎండ మెత్తబడింది. అవ్వ మెట్ల మీద ఒంటరిగా కూర్చొని గోపురము వైపు చూస్తున్నది. దగ్గరకు వెళ్ళి ఒక ఫోటో తీస్తానన్నాను. "ముసల్దాన్ని, నన్నేం తీస్తవు అయ్యగారూ" అన్నది గాని కొంగు సవరించుకున్నది. డయల్ ముఖము బొమ్మ మీద ఉన్నదా అని రెండుసార్లు చూసుకున్నాను. ఆ గుర్తు మీద కెమెరా ముఖాన్ని తేటగా ఉంచి, వీలైనంత మట్టుకు వెనుక ఉన్నదాన్ని మెత్తగా చేస్తుంది. ఒకటి తీశాను.

ఇక్కడే ప్లేబ్యాక్ సంగతి చెప్పాలి. ముక్కోణపు గుర్తు ఉన్న బటన్ నొక్కితే తీసిన ఫోటో తెరమీదికి వస్తుంది. ఎడమ, కుడి బటన్లతో ముందువీ వెనుకవీ చూడవచ్చు. చాలామందిమి ఇంతటితో ఆగిపోతాము. నేనూ ఆనాడు ఆగిపోయాను. చిన్న తెరమీద అన్నీ బాగున్నట్టే కనబడతాయి. ఫోటో తెరమీద ఉండగా, దూరాన్ని దగ్గరకు లాగే జూమ్ బటన్‌నే నొక్కాలి. అప్పుడు ఫోటో పెద్దదవుతుంది. బాణము బటన్లతో ముఖము దగ్గరకు జరుపుకొని కండ్లు చూడాలి. కండ్లు తేటగా ఉంటే ఫోటో ఉన్నట్టే.

పెద్దది చేసి చూశాను. అవ్వ కండ్లు మూసుకొని ఉన్నది! ఆమె ఇంకా మెట్ల మీదే ఉన్నది, వెలుతురూ ఉన్నది. షట్టర్ బటన్ సగము నొక్కితే కెమెరా మళ్ళీ తీయడానికి సిద్ధమైంది. ఇంకొకటి తీసి, పెద్దది చేసి చూసి, ఆమెకు చూపించాను. అవ్వ ఆ చిన్న తెరను చాలాసేపు చూసింది. "ఆయన ప్రక్కన ఉంటే బాగుండు" అన్నది. నేను ఏమీ అనలేకపోయాను.

చీకటి పడుతుండగా అందరము కలిసి ఒక ఫోటో దిగాము. దీనికి మనిషీ చుక్కా కలిసి ఉన్న గుర్తు పెట్టాలి. ఫ్లాష్ ముందున్న ముఖాలను వెలిగిస్తుంది, తరువాత కెమెరా ఇంకొంతసేపు కన్ను తెరచి వెనుక గోపురాన్ని పట్టుకుంటుంది. అందుచేత కెమెరాను గోడ మీద పెట్టి తీయాలి, ఫ్లాష్ వెలిగిన తరువాత కూడా ఎవరూ కదలకూడదని ముందే చెప్పాలి. మొదటిసారి ఫ్లాష్ వెలగగానే సగము మంది బస్సు వైపు నడిచారు! రెండవసారి నిలబడ్డారు.

తిరుగు ప్రయాణములో కెమెరా చేతులు మారింది. నాలుగైదు వరుసల అవతల ఒక చిన్నవాడు, "అయ్యగారూ, ఈ చెత్తబుట్ట ఏంది?" అని అరిచాడు. గుండె ఆగినట్టయింది. "నొక్కకు బిడ్డా!" అంటూ లేచాను. చెరపమంటావా అని కెమెరా అడుగుతున్నది, వాడి వ్రేలు జవాబు మీద ఉన్నది. తెరమీద ఉన్నది అవ్వ ఫోటోయే. దేవుని కృపను బట్టి వాడు వ్రేలు తీశాడు.

ఆ చెత్తబుట్ట గుర్తు ఫోటోను చెరిపివేసేది. ఒక్కటి చెరపడము వేరు, అన్నీ చెరపడము వేరు, తెరమీది అక్షరాలు చదవకుండా జవాబు ఇవ్వకూడదు. తాళంచెవి గుర్తుతో ముఖ్యమైన ఫోటోకు కాపుదల పెట్టుకోవచ్చు. అయితే కార్డును ఫార్మాట్ చేస్తే ఆ కాపుదల కూడా నిలువదు. పొరపాటున చెరిపితే ఆ కార్డు మీద మరొక్క ఫోటో తీయకుండా కంప్యూటరు తెలిసినవారికి ఇవ్వండి, కొన్నిసార్లు తిరిగి వస్తుంది. కెమెరా లేనివారి ఫోనులో కూడా ఇదే చెత్తబుట్ట.

మరుసటి వారమే ఆ ఫోటో కాగితము మీద వేయించి అవ్వకు ఇచ్చాను. ఆధార్ కార్డు మీది ముఖాన్ని పెద్దది చేయించిన ఆయన ఫోటో ఒకటి ఆ ఇంటి గోడకు ఉన్నది. కోడలు అవ్వ ఫోటోను దాని ప్రక్కనే తగిలించింది. ఇద్దరూ ఒకే ఫోటోలో లేరు. అది నా వలన పోయింది, ఇక రాదు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంటి పెద్దలు కూర్చొని ఉండగానే ఫోటో తీయండి. తీసేముందు గుర్తు చూసుకోండి. తీసిన తరువాత, వారు ఆ చోటునుండి లేవకముందే, పెద్దది చేసి కండ్లు చూడండి. సరిగా రాకపోతే ఇంకొక్క నిమిషము కూర్చోమని అడగడానికి సిగ్గుపడకండి. ఆ నిమిషము ఇవ్వడానికి వారు ఇంకా మన మధ్య ఉన్నారని దేవునికి స్తోత్రము చెల్లించండి.