రాతిలో అడుగుజాడలు

ఆబిడ్సు కాలిబాటపై ఆదివారమునాడు పరచు పాత పుస్తకములలో నాకు ప్రియమైనవి భూగర్భశాస్త్ర గ్రంథములు. పుస్తకము పుట్టిన సంవత్సరము మొదటి పుటలలో నుండును. రాతికి అట్టి పుట యెక్కడిది? నాంపల్లివైపు నడచునపుడెల్ల ఈ ప్రశ్నయే నన్ను వెంటాడుచుండెడిది.

రాతికిని ఒక గడియారము కలదు. జిర్కాను అను చిన్న స్ఫటికములలో చిక్కిన యురేనియము మెల్లమెల్లగా సీసముగా మారుచుండును. అందు ప్రధానమైన రకము సగము మారుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. ఆ రెండింటి పాళ్లను కొలిచి శాస్త్రజ్ఞులు శిలల వయస్సును నిర్ణయింతురు. మన హైదరాబాదు గ్రానైటు గుట్టల వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు. అవి శిలాద్రవము చల్లారగా ఏర్పడినవి. వాటిలో అడుగుజాడలు వెదకుట వ్యర్థము. అడుగు నిలుచుటకు బురద కావలెను.

అట్టి బురదలో ఒక చతుష్పాద జీవి నడచిన జాడలు ఐర్లండునందలి వాలెన్షియా ద్వీపమున కలవు. వాటి చెంతనున్న అగ్నిపర్వతపు బూడిదపొరను పరీక్షించి, అవి సుమారు 38 కోట్ల 50 లక్షల యేండ్లనాటివని తెలిసికొనిరి. పోలండులోని జాహెల్మియె రాతిగనిలోని జాడలు అంతకంటెను ప్రాచీనములని 2010లో ప్రకటించిరి. అవి జాడలే కావని వాదించినవారును కలరు. నిజమైనచో, చతుష్పాదులు వాటి యెముకలు దొరకిన కాలమునకు ఎంతో పూర్వమే నడచినవనవలెను.

గోదావరి లోయలోని యామన్‌పల్లి ప్రాంతమున దొరకిన కోటాసారస్ అస్థిపంజరమును నౌబత్ పహాడుమీది బిర్లా ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఎముక జంతువు రూపమును తెలుపును; అడుగుజాడ అది బ్రదికి నడచిన ఒక క్షణమును తెలుపును. పగిలిన పలకతో ఆ క్షణమును నశించును. కావున రాతిని పగులగొట్టుటకు ముందు ఒక్కమారు దానిని పరికించి చూచుట మన ధర్మము.