ఉప్పాడలో భోగి: ఇటు మంట, అటు కెరటం

సంక్రాంతి వస్తే హైదరాబాద్ ఖాళీ అయిపోయి, ఆ జనమంతా గోదావరి జిల్లాల్లో తేలతారని మనవాళ్ళ జోక్. మరి ఇక్కడే ఉద్యోగం చేస్తూ, సొంతూరు వెళ్ళలేని వాళ్ళ సంగతేంటి? మాది ఆదిలాబాద్. పనేమో కాకినాడలో. పండక్కి దొరికింది రెండే రోజులు, అవి రానుపోనూ ప్రయాణానికే సరిపోతాయి. నా రూమ్మేట్ అనంతపురం కుర్రాడిదీ ఇదే కథ. మా ఇద్దర్నీ చూసి ఉప్పాడ ఫ్రెండ్ ఒకటే మాటన్నాడు... "రూమ్‌లో మ్యాగీ వండుకుంటారా ఏంటి? మా ఊరు వచ్చేయండెహె!"

భోగి రోజు తెల్లవారుజామున నాలుగింటికి బైక్ తీశాం. కాకినాడ నుంచి ఉప్పాడ 20 కిలోమీటర్ల లోపే. బీచ్ రోడ్డంతా మంచు. కుడివైపు సముద్రం వినిపిస్తోంది కానీ కనిపించట్లేదు. పది డిగ్రీల లోపు చలిలో పెరిగినవాణ్ణి, కోస్తా చలి నన్నేం చేస్తుందిలే అనుకున్నా. కానీ ఆ తడిగాలి స్వెటర్‌లోంచి దూరిపోయింది!

ఊళ్లో అప్పటికే వీధివీధికీ మంట. పిల్లలు భోగిపిడకల దండలు మెళ్లో వేసుకుని తిరుగుతున్నారు. మంట మీద తలంట్లకి నీళ్ళు కాగుతున్నాయి. అందరం పాత కర్రలు, విరిగిన కుర్చీలు తెచ్చి వేస్తుంటే, పెరటి గోడకి ఆనించిన పాత తలుపు మావాడి కంటబడింది. "ఇదీ వేసేద్దామా మామ్మా?" అన్నాడు. మామ్మ గబుక్కున అడ్డొచ్చింది. "అది పాతది కాదు నాయనా, మిగిలింది!" అంది.

ఆ తలుపు వాళ్ళ పాత ఇంటిది. ఆ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు కెరటాలున్నాయి.

ఉప్పాడలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డుగోడలా నిలబడింది. దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకి ఆ కాపు లేదు. ఏళ్ళ తరబడి ఇళ్ళు, గుళ్ళు, రోడ్డు ముక్కలు సముద్రంలో కలిసిపోయాయి. జియోట్యూబ్ గోడ కట్టారు, బండరాళ్ళు పోశారు. అయినా పెద్ద తుపాను వస్తే కోత తప్పట్లేదు. 2020లో నివర్ తుపాను తర్వాత ఈ ఒడ్డున జనం ఇసకలో బంగారు రేణువులు వెతికిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అప్పుడు నేనూ నవ్వుతూ ఫార్వర్డ్ చేశా. మునిగిన ఇళ్ళవీ, గుళ్ళవీ అయ్యుంటాయని ఇక్కడివాళ్ళ నమ్మకం. మామ్మ మాట విన్నాక ఆ వీడియో ఇంకోలా గుర్తొచ్చింది.

తలంట్లయ్యాక అరిసెలు, పాకుండలు, జంతికలు వరసకట్టాయి. మా అమ్మ బస్సు పార్శిల్‌లో పంపిన సకినాల డబ్బా నేనూ తీశా. మామ్మ ఒకటి కొరికి, "మా జంతికలకి చెల్లెల్లా ఉందే!" అంది. వెంటనే అమ్మకి వీడియో కాల్ కలిపా. ఇద్దరూ పిండి కొలతల్లో పడ్డారు, పావుగంట దాకా నా ఫోన్ నాకు దక్కలేదు.

మధ్యాహ్నం ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు మగ్గం చూపించారు. పండగని నేత ఆపారు, చీర సగంలో ఉంది. ఉప్పాడ జాందానీకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. పడుగు దారాల మధ్య ఒక్కో పువ్వునీ చేత్తోనే ఎక్కిస్తారు. అందుకే బుటా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఒక్కో మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. డిజైన్‌ని బట్టి చీరకి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "మరి మీవాడు నేర్చుకోలేదాండీ?" అనడిగా. "ఆయ్, వాడికి నెలజీతం వస్తోంది కదండీ" అని నవ్వేశారు. ఆ మాటకి మావాడు మాత్రం నవ్వలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే కాకినాడ నుంచి బస్సులున్నాయి. రైల్లో అయితే పిఠాపురంలో దిగండి, కుక్కుటేశ్వరస్వామి గుడి, పురుహూతికా అమ్మవారి దర్శనం కూడా అవుతాయి. కెరటాలు ఎగసిపడుతుంటే బండరాళ్ళెక్కి సెల్ఫీలొద్దు. చీర కొనకపోయినా పర్లేదు, ఏదో ఒక మగ్గం దగ్గర పదినిమిషాలు కూర్చోండి. షాపులో బేరమాడే ముందు ఆ పది నిమిషాలూ గుర్తొస్తాయి.