ఆయ్ అండి, ఇదీ చదువే

రండి, కూర్చోండి. కాఫీ వస్తోంది, ఈలోగా మాట్లాడుకుందాం. మా యానాంలో డిగ్రీ పూర్తయిన పిల్లెవరైనా ‘ఎం.ఏ. లింగ్విస్టిక్స్ చేస్తానండి’ అంటే పెద్దవాళ్ళు ముందు అడిగేది ‘అంటే ఎన్ని భాషలొస్తాయమ్మా?’ అని. ఆ తరవాత ‘ఉద్యోగం?’ అని. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు సులువు: పది భాషలు రానక్కర్లేదు, వచ్చిన భాషనే విప్పి చూసే చదువిది. రెండోది కాసేపు ఆగి చెబుతాను. ముందు ఈ చదువులో నాకు ప్రాణమైన భాగం గురించి చెప్పనివ్వండి. దాని పేరు ప్రాగ్మాటిక్స్. నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, మనిషి ఆ మాటతో చెప్పదలుచుకున్నది ఇంకొకటి. వినేవాడు మొదటిదాన్నుంచి రెండోదానికి ఎలా చేరుకుంటున్నాడు? అదీ అందులో ప్రశ్న.

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే యానాంలో పులస చేపల బేరాలు మొదలవుతాయి కదా. అక్కడ నిలబడి వింటే ఇలా వినిపిస్తుంది:

‘ఎంతమ్మా ఇది?’

‘మీకు తెలీని రేటా అండి.’

‘మరీ ఎక్కువ చెప్పకు.’

‘ఇంకా బోణీ కూడా కాలేదండి.’

చూశారా, అడిగింది ధర. వచ్చిన రెండు జవాబుల్లోనూ ధర లేదు. అయినా కొనేవాడు ‘నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి?’ అనడు. మొదటి జవాబు అతన్ని తెలిసినవాణ్ణి చేసి, ముందుగా ధర పలికే బరువు అతని మీదే పెట్టింది. రెండోది ఇంకా గడుసుది. బోణీ బేరం చెడగొట్టకూడదని ఇద్దరికీ తెలుసు. కాబట్టి ‘కొనకుండా వెళ్ళకండి’ అన్న బతిమాలటమూ అందులో ఉంది, ‘కాస్త తగ్గిస్తాను’ అన్న ఆశా ఉంది. పాల్ గ్రైస్ అనే తత్త్వవేత్త 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో దీని కిటుకు చెప్పాడు. అవతలివాడు సంభాషణకు సహకరిస్తూనే ఉన్నాడని మనం నమ్ముతాం. మాట పొంతన లేకుండా కనిపిస్తే, పొంతన కుదిరే అర్థం కోసం మనమే వెతుక్కుంటాం. ఆ వెతుకులాటకు కావలసిన సామగ్రి మాత్రం యానాం సంతలోనే దొరుకుతుంది. బోణీ పట్టింపు తెలియనివాడికి ఆ రెండో జవాబు సగమే అర్థమవుతుంది.

మనవాళ్ళకు ఇది కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో మమ్మటుడనే ఆలంకారికుడు కావ్యప్రకాశంలో ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒక్క మాటనే తీసుకుని, వినేవాణ్ణి బట్టి అది ఎన్ని పోకలు పోతుందో చూపించాడు. ఒకరికి సంధ్యావందనానికి వేళయిందని, ఒకరికి ఆవుల్ని ఇంటికి తోలమని, ఒకరికి పని చాలించమని. అలంకారశాస్త్రం, ప్రాగ్మాటిక్స్ పక్కపక్కన పెట్టుకుని చదివే అదృష్టం మన పిల్లలకుంది. దాన్ని వదులుకోవద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

ఇక మన ‘అండి’ దగ్గరికొద్దాం. ‘వాడు రాలేదండి’ అంటాం. వాడికి మర్యాద ఇవ్వలేదు, వింటున్న మీకిచ్చాం. ‘వానొస్తోందండి’ అన్నప్పుడు వానకి మర్యాదేమిటి! క్రియ చివర ‘రు’ చేర్చి ‘వచ్చారు’ అంటే ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికి గౌరవం. ‘అండి’ ఎదుట కూర్చున్నవారికి. ఇవి రెండు వేరు వేరు ఏర్పాట్లు. పాలన పుదుచ్చేరిది గనక మా పిల్లలు చాలామంది అటు వెళ్తుంటారు. అక్కడి తమిళంలో ‘ఆమాంగ’, ‘ఇల్లీంగ’ అని వినగానే ఆ ‘ంగ’ మన ‘అండి’ చేసే పనే చేస్తోందని ఇట్టే పట్టేస్తారు. మరి ‘ఆయ్’? ‘ఎక్కడండి మీది?’ ‘యానామండి, ఆయ్.’ సినిమాలు దాన్ని నవ్వులాటకి వాడుకుని వదిలేశాయి. నాకది బాధ. ‘ఆయ్’ చాలాసార్లు ‘ఒప్పుకున్నాను’ అని చెప్పదు, ‘వింటున్నాను, చెప్పండి’ అంటుంది. ఎవరు ఎవరితో అంటారు, వయసు మారితే మారుతుందా, అప్పు అడిగేటప్పుడు ఎక్కువవుతుందా? ఒక పిహెచ్.డి.కి సరిపడా పని అందులో ఉంది.

మర్యాద మీద లోకమంతా చదివే పుస్తకం పెనెలపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్‌లది. మొదట 1978లో వ్యాసంగా, 1987లో పుస్తకంగా వచ్చింది. అందులో ఉదాహరణలు మూడు భాషలవి: ఇంగ్లీషు, మెక్సికోలోని త్సెల్తాల్, కోయంబత్తూరు జిల్లా తమిళం. ఎదుటివాడి దారికి అడ్డు రాకపోవడం మర్యాదలో పెద్ద భాగమంటుంది ఆ సిద్ధాంతం. దాని ప్రకారం ఏదైనా ఇవ్వబోయేటప్పుడు కూడా ‘వద్దు’ అనడానికి చోటివ్వాలి. మన గోదావరి పంక్తిలో కూర్చుని చూడండి. ‘ఇంకొంచెం వేసుకోండి’ అంటే ‘చాలండి’ అంటాం, మళ్ళీ వేస్తారు. ఒక్కసారి అడిగి వెళ్ళిపోతే ‘అడిగి వదిలేశారు’ అని నొచ్చుకుంటాం. అంటే ఇక్కడ మొదటి ‘చాలు’ తిరస్కారం కాదు, రెండోసారి అడిగేందుకు ఇచ్చిన చోటు. నిజమైన ‘చాలు’ వచ్చినప్పుడు నోటితోపాటు చెయ్యి కూడా విస్తరికి అడ్డం వస్తుంది. వడ్డించేవాళ్ళు ఆ రెంటినీ ఎప్పుడూ కలగాపులగం చెయ్యరు. చైనా విందు పిలుపుల గురించి గూ యూగ్వో అనే భాషావేత్త 1990లో ఇలాంటి అభ్యంతరమే లేవనెత్తాడు. మన గడ్డ మీంచి ఆ పని చెయ్యాల్సింది మన పిల్లలే. అక్కడ రాసిన సూత్రానికి ఇక్కడ ఉదాహరణ అతికించి తృప్తిపడకూడదు. ఇక్కడి పంక్తి ఆ సూత్రాన్ని ఎక్కడ కదిలిస్తుందో చూపించాలి.

ఇంకో సంగతి, మాటల మధ్య మౌనం గురించి. ప్రశ్న ముగిసి జవాబు మొదలయ్యే మధ్య ఎంత ఖాళీ ఉంటుందని పది భాషల్లో కొలిచి 2009లో ఒక పరిశోధన వచ్చింది. సగటున సెకనులో అయిదో వంతు. ఆ పదింటిలో ఒక్క భారతీయ భాషా లేదు. తెలుగులో ఆ ఖాళీని కొలవాల్సిందీ మన పిల్లలే.

ఉద్యోగం సంగతి చెబుతానన్నాను కదా. లింగ్విస్టిక్స్‌లో నెట్ అర్హత పరీక్ష రాసి అధ్యాపకులు కావచ్చు. అనువాదం, నిఘంటు నిర్మాణం, కంప్యూటరుకు తెలుగు నేర్పే సంస్థలు ఉండనే ఉన్నాయి. ఎం.ఏ.కి ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ పేర్లు ముందుగా చెబుతాను. పరిశోధనకైతే పుదుచ్చేరిలోనే పాండిచ్చేరి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్ అండ్ కల్చర్ ఉంది. ఎం.ఏ.లో ప్రాగ్మాటిక్స్ సాధారణంగా ఒక పేపరుకు మించదు. ధ్వనులు, పదనిర్మాణం, వాక్యనిర్మాణం అన్నీ చదవాలి. విసుగు పడొద్దు, అవి లేనిదే ఇది నిలవదు. ఉస్మానియాలో ఆ శాఖను మొదలుపెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం కోసం రైతుల దగ్గరా నేతపనివారి దగ్గరా పదాలు సేకరింపజేశారు. వ్యవసాయ సంపుటి 1962లో, చేనేత సంపుటి 1971లో వచ్చాయి. ఆయన పదాలు ఏరించారు. ఇప్పుడు సంభాషణలు ఏరాలి.

దానికి ఫోన్ చాలు. గదిలో కూర్చుని ‘మనవాళ్ళు ఇలా అంటారు’ అని వాక్యాలు అల్లుకోకండి. పెళ్ళిచూపులు, చిట్టీ పాటలు, పడవ రేవు, కూరగాయల బేరం రికార్డు చెయ్యండి. ముందే చెప్పి, ఒప్పుకున్నాకే సుమా. మొదటి పది నిమిషాలు బిగుసుకుని పుస్తకాల తెలుగు మాట్లాడతారు. అక్కణ్ణుంచి ఫోన్ సంగతి మరిచిపోతారు. తరవాత ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ప్రతి ‘ఊఁ’, ప్రతి ‘ఆయ్’, ప్రతి తడబాటు వినిపించినట్టే రాసుకోండి. ఆగిన చోట ఎంతసేపు ఆగారో కూడా రాయండి. ‘కాదు’ అనబోయే మనిషి ముందు ఒక క్షణం ఆగుతాడు. అడిగినవాడు ఆ క్షణంలోనే గ్రహించి ‘పోన్లెండి, తరవాత చూద్దాం’ అనేస్తాడు. ‘కాదు’ అన్న మాట రికార్డులో ఎక్కడా ఉండదు.