జంటల్ని విడగొట్టే అత్త

"ఏమ్మా పద్మా, కొరియర్ అబ్బాయి ఇచ్చి వెళ్లిన ఆ డబ్బా ఏంటి?"

"కొలాజెన్ పౌడరు పిన్నిగారూ! రోజూ ఓ చెంచా నీళ్లలో కలుపుకుని తాగితే మొహం మీద ముడతలు పోతాయట."

"ఏదీ, ఇలా గోడ మీద పెట్టు. ఈ గోధుమరంగు త్రికోణం చూశావా? మాంసాహారం గుర్తు. చేపల చర్మం నుంచో పశువుల తోలు నుంచో తీస్తారమ్మా దీన్ని. శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని దానివి!"

"అయ్యో రామా!"

"అయినా తాగింది తాగినట్టు బుగ్గల్లోకి పోదు. ఇన్నేళ్లు పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, విను. కొలాజెన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. పొట్టలో, పేగుల్లో ఎంజైములు దాన్ని తెగ్గొడతాయి. అందులో ప్రోలీన్, హైడ్రాక్సీప్రోలీన్ అని రెండు మొండిఘటాలున్నాయి. వాటి దగ్గరి అతుకు మామూలు ఎంజైములకు ఓ పట్టాన లొంగదు. అలా మిగిలిన జంటల్ని విడదీసేందుకే మన కణాల్లో ప్రోలిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది పనిచేయాలంటే కాస్త మాంగనీసు ఉండాలి."

"జంటల్ని విడగొట్టే గయ్యాళి అత్త అన్నమాట!"

"అత్తే, కానీ ఇల్లు నిలబెట్టే అత్త. మన ఒంటి ప్రొటీన్లలో దాదాపు 30 శాతం కొలాజెనే. పాతది అరుగుతుంటుంది, కొత్తది తయారవుతుంటుంది. ప్రోలిడేజ్ విడదీసిన ప్రోలీన్ మళ్లీ కొత్త గొలుసుకు పనికొస్తుంది."

"మరి ఆ హైడ్రాక్సీ?"

"అది తిరిగి గొలుసెక్కదు. గొలుసులో కూర్చున్నాక ప్రోలీన్‌నే ఒళ్లు అలా మార్చుకుంటుంది. అందుకు సి విటమిన్ కావాలి. సీలు విప్పలేదుగా, డబ్బా వెనక్కి పంపేసి ఆ డబ్బులకు జామకాయలు కొనుక్కో. పప్పూ పెరుగూ మానకు."

"ఆ అత్త లేని ఇల్లు ఉంటుందా పిన్నిగారూ?"

"ఉంటుంది, చాలా అరుదుగా. దాని జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన నకలే వస్తే ప్రోలిడేజ్ పనిచేయదు. జంటలు విడిపోకుండానే మూత్రంలో పోతుంటాయి. కాళ్ల మీద పడ్డ పుండ్లు ఏళ్ల తరబడి మానవు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. మేనరికాల్లో ఇలాంటి జబ్బుల భయం ఎక్కువ. పిల్లల కాళ్ల మీద పుండు ఎంతకీ మానకపోతే దిష్టి తీసి కూర్చోవద్దని నలుగురికీ చెప్పు. చర్మవైద్యుడికి చూపించాలి."