పరజ కాలి కడియం

సంక్రాంతి దగ్గర పడుతోందంటే గుడివాడ మార్కెట్ పక్క సందులోకి పరజ బాతులు దిగేవి. కాళ్లు పురికొసతో కట్టి, కావడికి తలకిందులుగా వేలాడదీసి కొల్లేటి వైపు నుంచి తెచ్చేవాళ్లు. కొన్ని బతికే ఉండేవి, మెడలు పైకెత్తి చూసేవి. 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. మా వీధిలో మాత్రం ఆ మాట ఎవరూ అనగా వినలేదు. మిరియాలు దంచి వేసి వండితే ఇల్లంతా ఒక వాసన పట్టేది. కొంత నీచు, కొంత నాచు. ఇప్పుడు ఏ చెరువు గట్టున నిలబడినా అది ముక్కుకు తగులుతుంది.

ఆ పరజల్లో ఒకదాని కాలికి కడియం ఉంది. అమ్మమ్మ వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతూ, "ఇదేంట్రా, దీనికెవరో కడియం తొడిగారు" అంది. పలచటి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలు, కింద అంకెలు. నేనప్పుడు ఆరో తరగతో, ఏడో తరగతో. కూడబలుక్కుని చదివాను: మాస్క్‌వా. వసారాలో విశాలాంధ్ర చదువుతున్న తాతయ్య పేపరు పక్కన పడేసి లేచి వచ్చాడు. ఆయన పార్టీ మనిషి. పోలీసులకు దొరక్కుండా కొల్లేటి లంకల్లో తలదాచుకున్న రోజుల గురించి ఎప్పుడు మొదలుపెట్టినా సగంలో ఆపేసేవాడు. కడియాన్ని వెలుతురులోకి పట్టి చూసి, "మాస్కో నుంచి వచ్చిందిరా ఇది!" అన్నాడు. ఆ గొంతు అంతకుముందు నేను వినలేదు. ఆ పూట ఆయన కూర వేయించుకోలేదు. మేమంతా తిన్నాం.

రష్యా వాళ్లకు ఉత్తరం రాయాలన్నాడు. రాశాడా, జవాబు వచ్చిందా, నాకు గుర్తు లేదు. కడియం ఏమైందో కూడా తెలియదు. ఈమధ్య అమ్మను కదిపితే, "అది పరజ కాలికి కాదు, చిలువ కాలికి" అంది గట్టిగా. చిలువలు ఏడాది పొడుగునా ఇక్కడుండేవే, వాటికి మాస్కో కడియం ఎక్కడిదని నేను, నా కళ్లతో నేను చూశానని ఆవిడ. ఇద్దరం అక్కడితో వదిలేశాం. సోవియట్ దేశంలో ఏ మూల పిట్టను పట్టి కడియం వేసినా దాని మీద మాస్కో పేరే ఉంటుందని, ఆ పరజ సైబీరియాలోని ఏ మడుగులోనో పుట్టి ఉండొచ్చని పుస్తకాల్లో చదివేనాటికి తాతయ్య లేడు. చెప్పినా ఆయన సంతోషం రవ్వంత తగ్గేది కాదు.

నాకు పిట్టల్ని మొదట చూపించింది ఆ పరజలు తెచ్చే మనిషే. పేరు పోయింది కానీ మొహం ఉంది. ఎడమ కనుబొమ్మ తెగి ఉండేది. సూదితోకను, గరిటె ముక్కుదాన్ని విడివిడిగా పట్టుకుని, "ఇది నీళ్లలో తల ముంచి, తోక పైకెత్తి మేస్తది. ఇది ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటది" అని చెప్పేవాడు. వల కట్టాలంటే అమావాస్య చీకటి కావాలనేవాడు. చంపడానికే అయినా వాటిని అంత దగ్గరగా చూసినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడు.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను బందరులో ఇంటర్ చదువుతున్నాను. కొన్నాళ్లకు కాలేజీ కుర్రాళ్లం బియ్యం మూటలతో లారీ ఎక్కి అవనిగడ్డ దాటి వెళ్లాం. తుమ్మకొమ్మల్లో, మనిషికి అందనంత ఎత్తున, చీరలు చిక్కుకుని ఉన్నాయి. ముక్కుకు కట్టుకున్న గుడ్డకు ఎవరో నీలగిరి తైలం రాశారు. ఆ తైలం వాసన వచ్చే గదిలో నేను ఇప్పటికీ కూర్చోలేను. నవంబరు కదా, ఉత్తరాది నుంచి రావలసిన పిట్టలు అప్పటికే వచ్చి ఉండాలి. ఆ గాలికి ఏమయ్యాయో? ఎంత తవ్వుకున్నా ఆ శీతాకాలంలో చూసిన పిట్ట ఒక్కటీ జ్ఞాపకం రాదు. హెలికాప్టర్ల చప్పుడు మాత్రం అలాగే ఉంది.

ఉద్యోగంలో చేరాక సలీం అలీ పుస్తకం కొనుక్కున్నాను. తర్వాత పాత బైనాక్యులర్స్ ఒకటి దొరికింది. సెలవు దొరికితే మంగినపూడికి పోయేవాణ్ణి. అక్కడ ఇసుక కాదు, నల్లటి ఒండ్రు. అల వెనక్కి తగ్గగానే చిన్న పిట్టలు గుంపుగా దాని వెంట పరుగెత్తేవి, అల రాగానే వెనక్కి పరుగెత్తి వచ్చేవి. పుస్తకంలో బొమ్మలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఏది ఏదో తేల్చుకోలేక ఎండెక్కేదాకా అక్కడే నిలబడేవాణ్ణి. ఇప్పుడు ఆ తీరంలోనే కొత్త ఓడరేవు కడుతున్నారు. నా చిన్నతనం నుంచీ బందరు మనుషులు దాని కోసం ఎదురుచూశారు. నేనూ చూశాను. ఆ నల్లటి ఒడ్డు మీదా అంతే ఇష్టం నాకు. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నా దగ్గర జవాబు లేదు.

అసలు చదువు నాగాయలంక పడవల్లో జరిగింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటి మడ అడవుల్ని 1989లో అభయారణ్యంగా ప్రకటించారు. పాయలు తిరిగి లోపలికి పోవాలంటే పడవవాళ్లే దిక్కు. నన్ను తిప్పిన పెద్దాయన యానాది. పడవ ఎక్కగానే మొదటి మాట, "తిల్లకొమ్మ పట్టుకోమాకండి, పాలు కంట్లో పడితే చూపు పోద్ది." రెండో మాట, "తొందరపడమాకండి." పోటు మీద ఉండగా పిట్టలన్నీ ఎక్కడో దిబ్బల మీద ముడుచుకుని కూర్చుంటాయట. పాటు తీసి బురద తేలాక చూడమన్నాడు. తేలింది. ముందు పొట్టి ముక్కువి దిగాయి, పైపొర ఏరుకునేవి. ఆ తర్వాత పెద్దవి, కిందికి వంగిన పొడవాటి ముక్కును పీత బొరియలోకి నిలువునా దించేవి. ఒకే బురదలో ఇన్ని రకాలు తగవు లేకుండా ఎలా బతుకుతాయో నాకు అర్థమైంది అప్పుడే. ఆయన మాత్రం ఆ మాట చెబుతున్నాననే అనుకోలేదు. పడవలో చేరిన నీళ్లు తోడి పోస్తున్నాడు.

హంసలదీవిలో స్నానం చేసిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి సాగర సంగమ స్నానాలకు జనం విరగబడతారు. ఆ తిరునాళ్ల హడావిడి తగ్గాక నేను పాలకాయతిప్ప వైపు నడిచేవాణ్ణి, నీటి అంచున నిలబడ్డ సముద్రపు కాకుల కోసం. అవి రంగు మారడం మాత్రం నేను కళ్లారా చూశాను. మార్గశిరంలో తెల్లగా ఉన్న తలలు ఫాల్గుణం వచ్చేసరికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇక వెళ్లిపోతాయన్నమాట. లడఖ్‌లో, టిబెట్‌లో కొండల మీది సరస్సుల దగ్గర అవి గుడ్లు పెడతాయి.

కొల్లేరు సంగతి వేరు. చేపల చెరువుల గట్లు సరస్సు లోపలికి, ఇంకా లోపలికి పాకాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు తెగ్గొట్టారు. అప్పుడు గుడివాడలో మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చెరువు పోయినవాళ్లూ ఉన్నారు, గట్టు తెగితే సంతోషించిన చేపల వేటగాళ్లూ ఉన్నారు. ఎవరి ముందు పిట్టల మాట ఎత్తాలో, ఎవరి ముందు ఎత్తకూడదో నేర్చుకున్నాను. కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ పాతిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుంటే మనవాళ్లు వాటినీ సైబీరియా పక్షులంటారు. ఎక్కడ ఆ మాట వినబడినా ఆగి దిద్దుతాను. కె.కె. నీలకంఠన్ 1946లోనే పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వాటి గూళ్లు చూసి రాశాడు. అవి మనవి, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగేవి.

రిటైరయ్యాక ఒక జనవరి ఉదయం ముదినేపల్లి అవతల, ఒక చెరువు మకాం దగ్గర ఆగాను. కాపలా మనిషి గట్టు మీద టపాకాయలు పేలుస్తున్నాడు. నీళ్లలో సూదితోకలు, కొన్ని గరిటె ముక్కువి. చప్పుడుకు లేచి, ఒక చుట్టు తిరిగి, పక్క చెరువులో వాలాయి. బైనాక్యులర్స్ చూసి ఆయనే మాట కలిపాడు.

"చేపని తినేది నీటికాకులూ, గూడబాతులండి. ఈ సూదితోకలు ముట్టుకోవు. పొట్ట కోస్తే అన్నీ గింజలూ నాచూనే."

"నీకెట్లా తెలుసు?"

"మా నాయన పరజలు పట్టేవాడండి. గుడివాడ తెచ్చేవాడు."

కనుబొమ్మ సంగతి అడగబోయి ఆగాను. పరజలు పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు.

"మరి వీటి మీదా టపాకాయలు ఎందుకు?"

"చప్పుడు వినపడకపోతే నేను పడుకున్నానంటారండి మా ఆసామి. మీరు చదువుకున్నోళ్లు, మీరు చెబితే వింటారేమో."

సాయంత్రం గుడివాడలో ఆ ఆసామి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, మేత ధరలు, కౌలు, తెగుళ్లు అన్నీ చెప్పారు. నేను చెప్పింది విని, "బాతు చేప తినదని మీకెవరు చెప్పారండీ?" అన్నారు. సలీం అలీ పేరు నోటిదాకా వచ్చింది. "మీ చెరువు దగ్గరున్న అతనే" అన్నాను.

ఆయన ఫోన్ తీశారు. "ఏరా, ఏ పిట్ట ఏం తింటుందో నీకు తెలుసంటగా?" అటునుంచి జవాబు మొదలై ఆగలేదు. ఆసామి కుర్చీ లాక్కుని కూర్చుని, మధ్యలో అడిగారు, "మరి ఆ పొడుగాటి ఎర్రకాళ్లదో?"