ఎవరి పెరటి చెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవారి సామెత. అయితే పెరడే తనది కానప్పుడు అందులోని చెట్టు ఎవరిది? భిలాయిలో రుఆబాంధా సెక్టారు నివాసికి ఇది వేడుకకు వేసిన ప్రశ్న కాదు. క్వార్టరు ఉక్కు కర్మాగారానిది. ఉద్యోగ విరమణతో దానిని విడిచిపోవడం ఇక్కడి సామాన్యమైన రివాజు. నాకు ఇక ఆరేండ్ల కొలువు మిగిలి ఉన్నదనగా, రాయల్ పామ్ మొక్క నొకదానిని నాటినాను.

పొరుగింటి తెలుగాయన నవ్వినారు. "బొప్పాయి వేసుకుంటే ఏడాది తిరిగేసరికి కాయ తింటారు గదండీ!" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాఠా, మటాసి, డోర్సా, కన్హార్ అని నాలుగు విధాలుగా చెబుతారు. భాఠా ఎర్రని గులకనేల, నీరు నిలువదు. కన్హార్ నల్లరేగడి. మా పెరడు భాఠా. కనుక లోతుగా గొయ్యి తీసి, నల్లమట్టి, మాగిన పేడఎరువు కలిపి నింపినాను. వేసవిలో పాదుకు ఎండుగడ్డి కప్పి, సాయంకాలం నీరు పోయడం నిత్యవిధి అయినది.

క్యూబా మొదలైన దీవుల నుండి వచ్చిన ఈ చెట్టు తాటి, కొబ్బరి, పోకలకు చుట్టము. వేప, మామిడి బెరడు కింద ఏటేటా కొత్త కొయ్యను పెంచే పొర ఈ జాతికి లేదు. అందుచేత ఇది మొదట నేలమట్టాన తన లావును సమకూర్చుకొని, పిమ్మటనే పైకి లేస్తుంది. అంతవరకు చూచేవారికి మట్టలే తప్ప మాను కనబడదు. దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది కుళ్ళినా, కొమ్ముపురుగు తొలిచి చంపినా చెట్టు మరల చిగురించదు. మానుపై వలయాలు సంవత్సరాల లెక్క కాదు, రాలిన మట్టల లెక్క.

1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. నాటి నుండి ఎన్ని ప్రాంతాలవారో ఇక్కడికి వచ్చి, కొలువు ముగించి, వెళ్ళినారు. వారిలో ఎవరో నాటిన మామిడి నీడలో నేను పద్దెనిమిది వేసవులు గడిపినాను. ఆ చేతులను నేను చూడలేదు. ఆ ఋణం వెనుకకు తీర్చేది కాదు, ముందుకు తీర్చవలసినది.

ఇప్పుడు చెట్టు మాను కట్టుచున్నది. నాకు మిగిలినది ఒక్క ఏడాది. రాబోయే కుటుంబానికి చెప్పవలసినది ఒక్కటే: బట్టల తీగకోసం దీనికి మేకు కొట్టకండి. ఈ జాతి మానుకు తగిలిన గాయం పూడదు.